కరణ్‌కోట నాపరాళ్లు, కడలి దాటిన గుర్రాలు

తాండూరు పేరు చెప్పగానే మన ఇళ్లలో ఆడవాళ్లకు కందిపప్పు గుర్తుకు వస్తుంది. ఇల్లు కట్టించినవాళ్లకు నాపరాళ్లు గుర్తుకు వస్తాయి. నాకు మాత్రం ఈ మధ్య ఆ పేరు వినగానే గుర్రాలు గుర్తుకు వస్తున్నాయి. ఈ మాట అంటే మా మేనల్లుడు నవ్వాడు. "తాండూరులో గుర్రాలేమిటి మామయ్యా?" అన్నాడు. "చూద్దువుగాని, పద" అని వాడిని వెంటబెట్టుకుని సికిందరాబాదులో రైలెక్కాను.

లింగంపల్లి దాటాక నగరం మెల్లగా వెనకబడుతుంది. శంకరపల్లి దాటి వికారాబాదు చేరేసరికి అనంతగిరి కొండల పచ్చదనం కనిపిస్తుంది. మూసీనది పుట్టిల్లు అక్కడే. అనంతపద్మనాభస్వామి వెలసినదీ అక్కడే. అక్కడినుంచి బీదరు వైపు ఒక దారి చీలిపోతుంది. మన రైలు పడమరగా సాగి తాండూరు చేరుతుంది. ఇంకా ముందుకు పోతే సేడం, చిత్తాపూరు, ఆ తరువాత వాడి జంక్షను. వాడి దగ్గర ఈ దారి బొంబాయి - మద్రాసు పెద్ద లైనులో కలుస్తుంది.

ఈ కలయికలోనే మన కథకు మొదలు వుంది. సికిందరాబాదు - వాడి రైలుదారి 1874లో తెరిచారు. సొమ్ము నిజాముది, అవసరం చాలావరకు ఇంగ్లీషువారిది. సికిందరాబాదు, బొలారం దండులలో వారి సైన్యం వుండేది. ఎప్పుడైనా అవసరం వస్తే ఆ సైన్యాన్ని త్వరగా కదిలించడానికి రైలు కావాలి. ప్రజలు ఎక్కారు, పప్పూ ప్రత్తీ ఎక్కాయి, నాపరాళ్లూ ఎక్కాయి. కాని ఆ పట్టాల మీద మొదటి హక్కు దండుదే.

బండల ఊరు

తాండూరులో దిగి కరణ్‌కోటకు పోవడం కష్టమేమీ కాదు. పది కిలోమీటర్లకు మించని దూరం. దారికి రెండు ప్రక్కలా నల్లరేగడి చేలు. కందికి పెట్టింది పేరైన నేల ఇది; తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కాస్త ముందుకు పోయేసరికి చేల మధ్య పెద్ద పెద్ద గోతులు. గోతుల ఒడ్డున దొంతులుగా పేర్చిన బండలు. కొన్ని నీలి బూడిదరంగువి, కొన్ని పసుపుపచ్చవి. ఊరి దగ్గర కేంద్రప్రభుత్వపు సిమెంటు కార్పొరేషను కర్మాగారం వున్నది. నాపరాయి అయినా సిమెంటు అయినా మూలం ఒకటే: ఈ నేల క్రింద పరుచుకుని వున్న సున్నపురాయి.

ఈ రాయి స్వభావం తమాషాగా వుంటుంది. పుస్తకంలో పుటలలాగా పొరలు పొరలుగా వుంటుంది. పొర ఎక్కడ విడుతుందో కనిపెట్టి, అక్కడ ఉలి ఆనించి, సుత్తితో కొడితే నున్నటి పలక లేచి వస్తుంది. ఇప్పుడు కోయడానికీ నునుపు చేయడానికీ యంత్రాలు వచ్చాయి గాని, పొర గుర్తుపట్టే కన్ను మాత్రం మనిషిదే.

ఒక గోతి ఒడ్డున తలపాగా చుట్టిన పెద్దాయన కూర్చుని వున్నాడు. మమ్మల్ని చూసి, "యాడికెళ్లి వచ్చిన్రు సారూ? బండలు కావాల్నా?" అని అడిగాడు.

"బండలు కాదు పెద్దాయనా, ఊరు చూద్దామని వచ్చాం."

"ఊర్ల ఏమున్నది సారూ! ఉన్నదంత భూమిల ఉన్నది. అండ్లకెళ్లి తీస్తం, పంపుతం. మేం తీసిన బండ యే ఇంట్ల పడ్డదో మాకేం ఎరుక?"

ఆయన మామూలుగానే అన్నాడు. కాని ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఈ నేలలోనుంచి తీసి పంపినవి బండలు మాత్రమే కాదు. శిస్తు కూడా తీశారు, పంపారు. అది ఏ దేశంలో, ఏ పని మీద ఖర్చయిందో ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పలేదు. మా మేనల్లుడికి చెప్పదలచుకున్న సంగతి అదే. గోతి గట్టున వేపచెట్టు నీడలో కూర్చుని మొదలుపెట్టాను.

గుర్రాల కోసం భూములు

వికారాబాదు అనే పేరు పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా పేరున వచ్చింది. ఫలక్‌నుమా భవనం కట్టించిన వారు ఆయనే. పాయిగా అమీర్లు నిజాము తరువాత అంతటి వారు. వారికి అన్నన్ని ఊళ్లు జాగీరుగా ఎందుకిచ్చారంటే, నిజాము సొంత రిసాలాలను, అంటే గుర్రపు దళాలను, పోషించడానికి. భూమి మీద పండిన పంట గుర్రాల దాణాగా, రౌతుల జీతంగా మారేది. బొలారంలో రిసాలా బజారు అనే పేట పేరు ఇప్పటికీ వాడుకలో వుంది.

ఇంగ్లీషువారు ఇదే లెక్కను ఇంకా పెద్దదిగా వేశారు. హైదరాబాదు కంటింజెంటు అని ఒక సైన్యం వుండేది. ఖర్చు నిజాముది, అధికారులు ఇంగ్లీషువారు. ఆ ఖర్చు బాకీ పడిందని 1853లో ప్రత్తి పండే బీరారు ప్రాంతాన్ని వారు తమ చేతిలోకి తీసుకున్నారు. 1902లో కర్జను ప్రభువు వచ్చి మహబూబ్ అలీఖాన్ చేత ఒప్పందం చేయించాడు. ఏడాదికి 25 లక్షల రూపాయల కౌలుకు బీరారు శాశ్వతంగా వారి వశమైంది. మరుసటి ఏడాది, 1903లో, కంటింజెంటును కూడా తమ సైన్యంలో కలిపేసుకున్నారు. దాని ఒకటవ లాన్సర్ల దళానికి '20వ దక్కన్ హార్స్' అని కొత్త పేరు పెట్టారు.

"అంటే భూమి పోయింది, సైన్యమూ పోయింది!" అన్నాడు మా వాడు.

"పేరు మిగిలింది" అన్నాను.

ఇది కాక నిజాముకు సొంత రిసాలా ఒకటి వుండేది. సామ్రాజ్యానికి యుద్ధం వస్తే సాయం పంపడం కోసం సంస్థానాలు పోషించే దళాలు కొన్ని వుండేవి. మైసూరుకు, జోధ్‌పూరుకు వున్నట్టే హైదరాబాదుకూ ఒక లాన్సర్ల దళం వుండేది.

ఖలీఫా మీదికి

1914 ఆగస్టులో ఐరోపాలో యుద్ధం రేగింది. అప్పటికి ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కి మూడేళ్లు. వయస్సు ఇరవై ఎనిమిది. దక్కన్ హార్స్ వున్న సికిందరాబాదు అశ్విక బ్రిగేడు అక్టోబరుకల్లా ఫ్రాన్సులోని మార్సేల్స్ రేవులో దిగింది. హైదరాబాదు లాన్సర్లు మైసూరు వంటి సంస్థానాల దళాలతో కలిసి ఈజిప్టుకు, సూయజు కాలువ కాపలాకు వెళ్లారు. సికిందరాబాదు నుంచి బొంబాయి రేవుకు బ్రాడ్‌గేజి మీద పోవాలంటే ఆ రోజులలో ఈ తాండూరు దారే దారి.

ఇక్కడ ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. నవంబరులో టర్కీ జర్మనీ పక్షాన యుద్ధంలోకి దిగింది. టర్కీ సుల్తాను ముస్లిములకు ఖలీఫా. ఆయన మతయుద్ధం ప్రకటించాడు. బ్రిటిషు సైన్యంలో వేలకొద్దీ ముస్లిము సిపాయిలు వున్నారు. వారు ఖలీఫా మాట వింటే ఏమవుతుంది? లండనులోనూ ఢిల్లీలోనూ ఇదే బెంగ.

అప్పుడు వారికి హైదరాబాదు అక్కరకు వచ్చింది. ఇండియాలోని ముస్లిము పాలకులలో అందరికంటె పెద్దవాడు నిజాము. ముస్లిములు బ్రిటిషు ప్రభుత్వానికి విధేయులుగా వుండాలని ఆయన ఆ నవంబరులోనే ఫర్మానా వెలువరించాడు. ఒక్క కాగితం ఎన్ని పటాలాలకు సమానమో లెక్కకట్టడం కష్టం. యుద్ధమంటే తుపాకులే కాదు, మనుష్యుల మనసులు కూడా. ఆ సంగతి ఇంగ్లీషువారికి బాగా తెలుసు.

ఆ తరువాత 1915 ఫిబ్రవరిలో టర్కీ సేన సూయజు కాలువ దాటబోయింది. ఆ సేనను ఆపి వెనక్కు కొట్టారు. ఖలీఫా సైన్యం కాలువకు ఆ ఒడ్డున, నిజాము రౌతులు వున్న సేన ఈ ఒడ్డున.

ఎదురుచూపుల యుద్ధం

ఇక ఫ్రాన్సులో వున్నవారి సంగతి. అక్కడ సముద్రతీరం నుంచి స్విట్జర్లాండు సరిహద్దు దాకా రెండు పక్షాలవారూ కందకాలు త్రవ్వుకుని కూర్చున్నారు. మధ్య ముళ్లతీగె. తీగె వెనక మరతుపాకి. గుర్రం ఎక్కడికి పోతుంది?

కాని సేనానుల ఆలోచన వేరు. ఫిరంగులతో కొట్టి కాల్బలం ఒకచోట గండి పెడుతుంది. ఆ గండిలోనుంచి గుర్రాలు దూసుకుపోయి శత్రువును చెల్లాచెదురు చేస్తాయి. ఇది వారి వ్యూహం. 1915 డిసెంబరు నుంచి బ్రిటిషు సర్వసేనాని అయిన డగ్లస్ హేగ్ స్వయంగా గుర్రపు దళం మనిషి. ఇంకో తమాషా వినండి. పడుచుతనంలో, 1880ల చివర, ఆయన 7వ హుస్సార్లతో మన సికిందరాబాదులోనే వున్నాడు.

ఆ గండి కోసం దక్కన్ హార్స్ మూడేళ్లకు పైగా ఎదురుచూసింది. గుర్రాలను వెనక వుంచి, రౌతులు తామే కందకాలలోకి దిగి కాపలాలు కాశారు. చలి, బురద, వాన. ఒకే ఒకసారి గండి పడినట్టే కనిపించింది. 1916 జులై 14న, సోమ్ నది దగ్గర, తెల్లవారుజామున కాల్బలం శత్రువు కందకాలను పట్టుకున్నది. గుర్రాలను రమ్మని కబురు వెళ్లింది. గోతులుపడిన నేల మీద, బురదలో అవి వచ్చేసరికి సాయంత్రమైంది. అప్పుడు 7వ డ్రాగూను గార్డులు, దక్కన్ హార్స్ హైవుడ్ అనే అడవి ప్రక్కన, కోతకు వచ్చిన చేలలోనుంచి బల్లేలు పట్టుకుని దూకారు. చేలలో దాక్కున్న జర్మన్లలో కొందరిని పొడిచారు, కొందరిని పట్టుకున్నారు. ఇంతలో చీకటి పడింది. వెనక నుంచి బలం రాలేదు. తెల్లవారకముందే వారిని వెనక్కు పిలిచారు. ఆ హైవుడ్‌ను పట్టుకోవడానికి కాల్బలానికి ఇంకా రెండు నెలలు పట్టింది.

"అంతేనా?" అన్నాడు మా వాడు నిరాశగా.

"అంతే. మూడేళ్ల మేతకు ఒక్క సాయంత్రం."

మాయ గుర్రాలు

యుద్ధం ఎక్కడ గెలవాలి అనే విషయం మీద లండనులో రెండు కక్షలు వుండేవి. జర్మనీని ఫ్రాన్సులోనే ఓడించాలని హేగ్ వంటి సేనానులు. అక్కడ మనుష్యులను బలిపెట్టి లాభం లేదు, టర్కీని తూర్పున పడగొట్టాలని లాయడ్ జార్జి వంటి రాజకీయ నాయకులు. 1916 డిసెంబరులో లాయడ్ జార్జి ప్రధానమంత్రి అయ్యాడు. 1917 క్రిస్మసుకు దేశానికి జెరూసలేం కానుకగా కావాలని సేనాపతి అలెన్‌బీని కోరాడు. డిసెంబరు 9న జెరూసలేం చేజిక్కింది. 1918 వసంతంలో, పాలస్తీనాలోని గోరా పటాలాలను ఫ్రాన్సుకు మళ్లించి, ఫ్రాన్సులోని ఇండియన్ గుర్రపు దళాలను పాలస్తీనాకు పంపారు. ఆ విధంగా దక్కన్ హార్స్, హైదరాబాదు లాన్సర్లు ఒకే డివిజనులోకి వచ్చి చేరారు. అది 5వ అశ్విక డివిజను. వేరువేరు ఓడలలో బయలుదేరిన హైదరాబాదు రెండు రిసాలాలు నాలుగో ఏట పరాయి ఎడారిలో కలుసుకున్నాయి.

అలెన్‌బీ పన్నిన ఎత్తు మన కథలలోని మాయోపాయాలను తలపిస్తుంది. అసలు దాడి పడమర, సముద్రం ప్రక్కన. కాని శత్రువు చూపు తూర్పున జోర్డాను లోయ మీద వుండాలి. అందుకని లోయలో గుడ్డతో, కర్రలతో చేసిన వేలాది బొమ్మగుర్రాలను వరుసలుగా నిలబెట్టారు. కంచరగాడిదల చేత బల్లలు ఈడ్పించి దుమ్ము రేపారు. అసలు గుర్రాలను రాత్రివేళ తీరానికి నడిపించి, పగలు నారింజ తోటలలో దాచారు.

1918 సెప్టెంబరు 19 తెల్లవారుజామున దాడి మొదలైంది. కాల్బలం గండి పెట్టింది. ఫ్రాన్సులో మూడేళ్లు ఎదురుచూసినా పడని గండి ఇక్కడ కొన్ని గంటలలో పడింది. గుర్రాలు అందులోనుంచి తీరం వెంట దూసుకుపోయాయి. మరునాటి ఉదయానికి 5వ డివిజను ముందరి బ్రిగేడు నజరేతు ఊళ్లో వుంది. అక్కడ బస చేసిన జర్మన్ సేనాని లిమన్ ఫాన్ సాండర్స్ కొద్దిలో తప్పించుకుపోయాడు. 23న హైఫా పట్టణం మీద జోధ్‌పూరు, మైసూరు లాన్సర్లు దాడి చేసి పట్టుకున్నారు. జోధ్‌పూరు దళపతి మేజరు దల్‌పత్ సింగ్ అందులో అసువులు బాశాడు. అక్టోబరు 1న డమాస్కసు. అక్టోబరు 30న టర్కీ సంధి చేసుకున్నది.

గుర్రం అదే, రౌతు అదే, బల్లెం అదే. ఒకచోట మూడేళ్లు వ్యర్థం, ఇంకొకచోట నెలన్నరలో జయం. తేడా సిపాయి ధైర్యంలో లేదు. ఎక్కడికి పంపాలి, ఎందుకు పంపాలి అని నిర్ణయించే గదులలో వుంది. ఆ గదులు సిపాయికి ఎంత దూరమో, కరణ్‌కోట రైతుకు అంతకంటె దూరం.

బిరుదు, బీరారు

ఈ ఖర్చంతా ఎవరు పెట్టుకున్నారు? లాన్సర్ల ఖర్చు, దక్కన్ హార్స్ ఖర్చు నిజామే భరించాడు. 1918లో ఆయన సొమ్ముతో ఒక విమానదళానికి విమానాలు కూడా సమకూరాయి. '110వ హైదరాబాదు స్క్వాడ్రను' అని పేరు. సెప్టెంబరులో ఫ్రాన్సు చేరి జర్మను పట్టణాల మీద బాంబులు వేసింది. దాని విమానాల మీద నిజాము కానుక అని వ్రాసి వుండేది.

నిజాము సొమ్ము అంటే ఏమిటి? ఆ రోజులలో రాజ్యానికి పెద్ద రాబడి భూమిశిస్తు. రౌతులలో తెలుగువారు దాదాపు లేరనే చెప్పాలి. దక్కన్ హార్స్‌లో సిక్కులను, జాట్లను, దక్కనీ ముస్లిములను చేర్చుకునేవారు. ఇంగ్లీషువారు కొన్ని కులాలవారినే వీరులని ఎంచి సైన్యంలోకి తీసుకునే కాలం అది. అందుచేత ఈ ప్రాంతపు రైతు గుర్రమెక్కలేదు. గుర్రానికి మేత మాత్రం వేశాడు. జొన్న కోసి, కంది నూర్చి, పటేలు పట్వారీల చేతిలో శిస్తు పోసి, తాను పేరైనా వినని సోమ్ నది ఒడ్డున, సినాయి ఎడారిలో యుద్ధం నడిపించాడు.

నిజాముకు దక్కినదేమిటి? 1918లో 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' అనే బిరుదు. ఇండియాలో ఇంకే రాజుకూ లేనిది. దానితోబాటు 'నమ్మకమైన మిత్రుడు' అనే మాట. ఆయన దానితో తృప్తిపడలేదు. ఇంత చేశాను గదా అని 1923లో వైస్రాయి రీడింగు ప్రభువుకు లేఖ వ్రాసి, బీరారు తిరిగి ఇమ్మని అడిగాడు. ఏ గుర్రాల ఖర్చు పేరు చెప్పి బీరారు తీసుకున్నారో ఆ గుర్రాలే వారికోసం ఫ్రాన్సుకు పోయి వచ్చాయి మరి! 1926 మార్చిలో జవాబు వచ్చింది. బ్రిటిషు సార్వభౌముడే సర్వాధికారి, సంస్థానాధిపతి ఎవరూ సమానస్థాయిలో బేరం ఆడరాదు అని దాని సారాంశం. మిత్రుడు అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. 1936లో బీరారు మీద పేరుకు మాత్రం హక్కు ఒప్పుకున్నారు. యువరాజును 'ప్రిన్స్ ఆఫ్ బీరార్' అనవచ్చునన్నారు. ప్రాంతం, పరిపాలన వారి చేతిలోనే వున్నాయి.

ఇంకో ముచ్చట మన ఇళ్లలో ఆడవాళ్లు తప్పక వినవలసింది. యుద్ధంలో టర్కీ ఓడిపోయింది. 1924లో ఖలీఫా పదవి రద్దయింది. కడపటి ఖలీఫా అబ్దుల్ మజీదు కట్టుబట్టలతో ఫ్రాన్సు చేరాడు. ఆయనకు నెలనెలా భత్యం పంపినవాడు ఎవరనుకున్నారు? నిజామే. 1931లో ఆయన కుమార్తె దుర్రె షెహ్వారును నిజాము పెద్దకొడుక్కి చేసుకున్నాడు. అదే ముహూర్తాన రెండో కొడుకు పెళ్లి టర్కీ రాజవంశపు పిల్ల నీలోఫరుతో జరిగింది. హైదరాబాదులోని నీలోఫరు ఆసుపత్రి ఆమె పేరు మీదిదే. మామగారి దళాలు కోడలి తండ్రి వంశం మీదికి పోయిన యుద్ధం ముగిసిన పదమూడేళ్లకు వియ్యం కలిసింది. రాజులు వైరం నుంచి వియ్యానికి సులువుగా నడిచిపోతారు. మధ్యలో పోయిన సిపాయిలు తిరిగి రారు. ఆ యుద్ధంలో ఇండియా సైన్యం తరఫున సుమారు 74,000 మంది చనిపోయారు.

"ఆ దక్కన్ హార్స్ ఏమయింది మామయ్యా?"

"వుంది. 1921లో 29వ లాన్సర్లను కలుపుకుని కొత్త రూపు దాల్చింది. గుర్రాలు పోయి టాంకులు వచ్చాయి. 1965లో పంజాబులో అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాను టాంకులను ఎదిరించిన దళాలలో అదీ ఒకటి. అప్పుడు అది పోరాడింది తన దేశపు నేల మీద, తన దేశం కోసం."

వాడు కాసేపు మాట్లాడలేదు. గోతిలో సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లా నుంచి తెగి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది; తరువాత రంగారెడ్డి జిల్లా అయింది; 2016 నుంచి వికారాబాదు జిల్లా. నిజాము పోయాడు, ఇంగ్లీషువాడు పోయాడు, జిల్లాల పేర్లు మారాయి. శిస్తు కట్టిన చేలు మాత్రం ఎక్కడివక్కడే వున్నాయి.

కరణ్‌కోట చూడదలచినవారు చలికాలంలో వెళ్లండి. కంది పూతమీద వుంటుంది, ఎండ బాధించదు. తాండూరు బజారులో రెండు కిలోల పప్పు కొనుక్కోవడం మరచిపోకండి. గోతుల దగ్గరకు పిల్లలను ఒంటరిగా పోనివ్వకండి.

ఇంకొక మాట. ఎప్పుడైనా ఢిల్లీ వెళితే తీన్‌మూర్తి కూడలి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 2018 నుంచి దానిని తీన్‌మూర్తి హైఫా చౌకు అంటున్నారు. అక్కడ స్తంభం చుట్టూ బల్లేలు పట్టుకుని ముగ్గురు సైనికుల కంచు విగ్రహాలు వుంటాయి. ఒకరు మైసూరు, ఒకరు జోధ్‌పూరు, ఒకరు హైదరాబాదు. మీ పిల్లలు ఆ మూడోవాడు ఎవరని అడిగితే, నిజాము పంపిన రౌతు అని చెప్పండి. వాడి గుర్రానికి దాణా ఎవరు వేశారని కూడా అడిగితే, మన తాండూరు వైపు రైతులు అని చెప్పండి. వారికి విగ్రహం లేదు.